ఎముక దగ్గర

రాత్రే తీసి కింది అరలో పెట్టమన్నాను.
మర్చిపోయావు, ఎబో.
పదహారేళ్లవాడివి, మరుపు నీ హక్కే.
ఆకలి మాత్రం లారీ డ్రైవర్ల హక్కు.
తకొరాడి రేవులో బస్తాలు దింపి
పదకొండుకల్లా వచ్చి నా బల్లలు చరుస్తారు.

చూడు, ఒకదాన్నొకటి కరుచుకున్న తొడలు.
ఏ దేశపు కోళ్లో, ఏ ఓడ కడుపులో వచ్చాయో,
గోడ కట్టుకోవచ్చు వీటితో.

ఎండలో పెడతానంటావేం?
ఎండకి పైతోలు మేలుకుంటుంది,
దాంతోపాటు కంటికి కనబడని సంతంతా మేలుకుంటుంది.
లోపల మాత్రం ఇంకా నడిసముద్రమే.
వేణ్ణీళ్ల బకెట్టూ అంతే.
కుళాయి కింద కడగనూ కడగకు,
చిందిన ప్రతి చుక్కా
తరిగిన ఉల్లిపాయల మీద కాపురం పెడుతుంది.

నూనె ఛాయలకే తీసుకురాకు.
మంచుకీ మరిగే నూనెకీ వియ్యం పొసగదు.
నా మోచేతి మీద ఈ మచ్చ
ఆ పెళ్లి శుభలేఖ.

పెద్ద కుండ ఎక్కించు.
టమాటా, అల్లం, ఎర్ర మిరప, నాలుగు తెల్ల వంకాయలు.
పులుసు తెర్లాక వేయి ముక్కల గడ్డని.
కాసేపు పులుసు మూగబోతుంది, భయపడకు,
మంట పెంచు, మళ్లీ మాటలు మొదలెడుతుంది.
అప్పుడు పట్టు వదులుతాయి ముక్కలు.
చెక్క గరిటెతో విడదీయి,
కత్తితో పొడవకు, అవేం నీకు శత్రువులు కావు.

ఎంతసేపంటావా?
మామూలు రోజున నలభై నిమిషాలైతే
ఇవాళ గంట.
మంచు దగ్గర చేసిన అప్పు, సగానికి సగం వడ్డీ.
ఎగ్గొట్టినవాళ్లున్నారు.
నేనే ఎగ్గొట్టాను.

కరెంటు పోతూ వస్తూ పోయిన వారం అది.
పెట్టెలో ఏది కరిగిందో, ఏది మళ్లీ గడ్డకట్టిందో
అడిగే తీరిక లేదు నాకు.
బల్లల దగ్గర పద్దెనిమిది మంది.
పైన ఎర్రగా, నిగనిగలాడుతూ
ఒక కాలు వేశాను బైదూ గిన్నెలో.
కొరికాడు. ఎముక పక్కన గులాబీ రంగు.
నేను చూశాను, ఎబో.
అతను చూడలేదు, నేను చూశాను,
చిల్లర లెక్కపెడుతున్నట్టు తల తిప్పుకున్నాను.

మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నాడు.
నాలుగో వారం వచ్చి
ఆ పూట బాకీ పైసలతో సహా బల్ల మీద పెట్టాడు.
తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాతే కొన్నాను ఈ సూది ముల్లుని,
ఒక శనివారం సంపాదనంతా పోసి.
దళసరి చోట గుచ్చు,
ఎముకకి తగలనీయకు, అక్కడ అబద్ధం చెబుతుంది.
డెబ్బై నాలుగు దాటాలి.
ఒక్క ముక్క దాటితే చాలనుకోకు,
ఒకే కుండలో పుట్టినా ఏ ముక్క కథ దానిదే.
అరవై ఎనిమిదా? మూత పెట్టు.
వాళ్లని చరవనీ.
బల్లలు గట్టివి.

ఇదిగో, వచ్చాడు బైదూ.
తలుపు పక్కన, ఎప్పటి చోటే.
ఆరేళ్లుగా అతనికి కెంకీ, మిరప పచ్చడి, ఉడికించిన గుడ్డు.
అయినా ఒక ముక్క పళ్లెంలో తీసుకుని వెళ్తాను,
అతని కళ్లెదుటే ఎముక దాకా చీలుస్తాను.
తెల్లగా, పొరలు పొరలుగా విడిపోతుంది,
ఊట తేటగా కారుతుంది.

వంగి చూస్తాడు, పరీక్ష పేపరు దిద్దే పంతులులా.
తల ఊపుతాడు.
గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టి,
"గుడ్డు చాలమ్మా అరబా" అంటాడు.

చాలు. ఆ ముక్క నువ్వు తిను, ఎబో.
వచ్చే గురువారానికి
బుధవారం రాత్రే తీసి పెట్టు.
మర్చిపోతే
నన్ను లేపు.